పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిస్తే పాత బండికి ఒరిగేదేమిటి?

విజయవాడ ఆటోనగర్‌లో దొరకని పనంటూ ఉండదని పేరు. లారీకి కొత్త బాడీ కట్టించాలన్నా, క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్ చేయించాలన్నా, ఎప్పుడో ఆగిపోయిన మోడల్‌కు గేరు చక్రం కావాలన్నా చుట్టుపక్కల జిల్లాల బండ్లన్నీ అక్కడికే వస్తాయి. అలాంటి చోట కూడా పాత పెట్రోలు అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో తీసుకెళ్లి ‘పాయింట్లు సెట్ చేయాలి’ అంటే ముందుకొచ్చే చేతులు తగ్గిపోయాయి. పాయింట్లంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించడానికి కాయిల్ కరెంటును కలిపి తెంచే చిన్న లోహపు స్విచ్చు. ఆటోనగర్ ప్రధానంగా డీజిల్ మీద బతుకుతుంది. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గూ ఉండదు, ఇగ్నిషన్ కాయిలూ ఉండదు. పెట్రోలు కార్లలో 2000 ప్రాంతం నుంచి ఇంజెక్షన్ పద్ధతి వచ్చేసింది. ఆ తర్వాత పనిలోకి దిగిన కుర్రాళ్లు స్కానర్ తగిలించి లోపమేమిటో చదవగలరు గానీ, సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్ పట్టుకుని పాయింట్ల గ్యాప్ చూసే అవసరం వాళ్లకు రాలేదు. ఆ పనిలో చేయి తిరిగిన పాతతరం మెకానిక్కులు ఒక్కొక్కరే షెడ్డు మూసేస్తున్నారు.

పాత బండ్లున్న వాళ్లలో, పాయింట్ల పనిని ట్రాన్సిస్టర్‌కు అప్పగించే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాట ఎక్కువగా వినిపించడానికి అసలు కారణం ఇదే. కిట్ అమ్మేవాళ్లు చెప్పే కారణాలు వేరు. పికప్ పెరుగుతుందంటారు, మైలేజీ వస్తుందంటారు, సెల్ఫ్ ముట్టుకుంటే చాలు స్టార్ట్ అవుతుందంటారు. వీటిలో చివరిది చాలావరకు నిజం. మొదటి రెండూ పెట్టక ముందు బండి ఏ స్థితిలో ఉందన్న దాని మీద ఆధారపడతాయి. సరిగ్గా సెట్ చేసిన కొత్త పాయింట్లతో నడిచే ఇంజిన్‌కు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అదనంగా ఇచ్చే బలం దాదాపు ఏమీ లేదు. ఆ సెట్టింగ్ నెలలు గడిచినా చెదరకుండా నిలబెట్టడమే అది చేసే మేలు. ఈ తేడా తెలియక కొందరు దాని నుంచి లేనిపోనివి ఆశిస్తున్నారు. తెలియకే ఇంకొందరు పనికొచ్చే వస్తువును అనవసర ఖర్చని కొట్టిపారేస్తున్నారు.

పాయింట్ల కథ

అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో క్యాడిలాక్ కార్ల కోసం రూపొందించిన ఏర్పాటే చిన్న చిన్న మార్పులతో దశాబ్దాల పాటు ప్రపంచమంతా నడిచింది. బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల కరెంటు కాయిల్‌లోని లావు తీగ చుట్ల గుండా వెళ్లి, మూసుకుని ఉన్న పాయింట్ల మీదుగా ఎర్త్‌కు చేరుతుంది. ఆ కాసేపట్లో కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం నిండుతుంది. స్పార్కును ఒక్కో ప్లగ్గుకూ పంచే డిస్ట్రిబ్యూటర్ మధ్యలో తిరిగే మూలల క్యామ్ పాయింట్లను విడదీయగానే కరెంటు తెగి ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది. అప్పుడు లావు తీగలోనే రెండు మూడు వందల వోల్టులు పుడతాయి. దానికి సుమారు వంద రెట్లు చుట్లున్న సన్న తీగలో అది 20 వేల వోల్టులు దాటుతుంది. ప్లగ్ దగ్గర ఎగిరే నిప్పురవ్వ అదే. పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్యే మెరుపు లేవకుండా కాచేది కండెన్సర్.

ఇంత చక్కటి ఏర్పాటులో అరిగే చోట్లు రెండున్నాయి. మొదటిది లోహపు ముఖాలు. 3 ఓమ్‌ల కాయిల్ అయితే పాయింట్లు మూసుకున్న ప్రతిసారీ వాటి గుండా 4 ఆంపియర్ల వరకు కరెంటు పారుతుంది, తెరుచుకున్న ప్రతిసారీ ఎంతో కొంత మెరుపు లేస్తుంది. మెల్లగా ఒక ముఖం మీద గుంట, ఎదుటి ముఖం మీద మొటిమ ఏర్పడతాయి. ఇది కంటికి కనిపించే అరుగుదల కాబట్టి అందరూ దీన్నే పట్టించుకుంటారు. ఎమరీ పేపరు ముక్క మడిచి రెండు ముఖాల మధ్య నాలుగుసార్లు లాగి, పని అయిపోయిందనుకుంటారు.

రెండోది కంటికి ఆనదు, అసలు నష్టం మాత్రం దానివల్లే. క్యామ్‌ను ఒరుసుకుంటూ ఉండే ఫైబర్ మడమ అరిగేకొద్దీ పాయింట్ల గ్యాప్ తగ్గుతుంది. అంబాసిడర్‌లో వచ్చిన లూకాస్ రకం డిస్ట్రిబ్యూటర్‌కు ఉండాల్సిన గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటాయి. డిస్ట్రిబ్యూటర్ మీద కొలిస్తే పాయింట్లు మూసుకుని ఉండే కోణం ఒక డిగ్రీ పెరిగినప్పుడల్లా, క్రాంక్ దగ్గర ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్కు పడే వేళ, దాదాపు ఒక డిగ్రీ వెనక్కి జరుగుతుంది. అంటే గ్యాప్ చెదిరిందంటే టైమింగ్ కూడా చెదిరినట్టే. మడమకు గ్రీజు పెట్టకుండా వదిలేస్తే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

టైమింగ్ వెనక్కి పోయిన ఇంజిన్ ఆగిపోదు. అదే దాని ప్రమాదం. లాగుడు కాస్త తగ్గుతుంది, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది, మంట ఆలస్యంగా మొదలవడం వల్ల వేడి సిలిండర్ గోడలకూ ఎగ్జాస్ట్ వైపూ పోతుంది. రోహిణీ కార్తెలో, ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు అటూ ఇటూ ఉన్న మధ్యాహ్నం, బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో నిలబడిన అంబాసిడర్ టెంపరేచర్ ముల్లు పైకి లేచిందంటే ముందు అనుమానం రేడియేటర్ మీదికే పోతుంది. రేడియేటర్ రాడింగ్ చేయిస్తారు, థర్మోస్టాట్ పీకి పారేస్తారు, ఫ్యాన్‌కు ఇంకో రెండు రెక్కలు కలుపుతారు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి గ్యాప్ చూడాలన్న ఆలోచన చివరికి వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. పాత బండి ఎండాకాలంలో వేడెక్కుతోందంటే నీళ్ల కంటే ముందు టైమింగ్ చూడడం మేలు.

బలం ఎందుకు పెరగదు?

నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ ఒకసారి తిరిగితే రెండు స్పార్కులు పడతాయి. నిమిషానికి 4,000 తిరుగుళ్ల వేగంలో సెకనుకు సుమారు 133 స్పార్కులు. ఒక్కో స్పార్కుకు దక్కే వ్యవధి 7.5 మిల్లీసెకన్లు. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో ప్రతి 90 డిగ్రీల్లో సుమారు 60 డిగ్రీల పాటు పాయింట్లు మూసుకుని ఉంటాయి కాబట్టి, కాయిల్ నిండడానికి 5 మిల్లీసెకన్లు దొరుకుతాయి. మామూలు కాయిల్‌లో ఆ వ్యవధిలో కరెంటు తన గరిష్ఠ స్థాయిలో నాలుగింట మూడొంతుల దాకా చేరుతుంది. ప్లగ్ మండించడానికి అది చాలు. 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ అంబాసిడర్‌ను 4,000 దాటించి నడిపేవాళ్లు ఎవరు? కాయిల్ నిండక స్పార్కు బలహీనపడే ఇబ్బంది 6,000 తిరుగుళ్ల పైన పరుగెత్తే ఇంజిన్లది. ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజిన్లకు ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అమెరికాలో క్రైస్లర్ 1973లోనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌ను తన కార్లన్నిటికీ ఇచ్చిందంటే అక్కడి ఇంజిన్ల తీరు వేరు, అప్పుడే బిగుసుకుంటున్న పొగ నిబంధనల ఒత్తిడి వేరు. బందరు రోడ్డు మీద అరవైలో పోయే కారుకు ఆ లెక్క వర్తించదు.

నెమ్మది వేగంలో మాత్రం తేడా తెలుస్తుంది. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు క్యామ్ నింపాదిగా తిరుగుతుంది, పాయింట్లు నింపాదిగా తెరుచుకుంటాయి, శక్తిలో కొంత ప్లగ్ దాకా రాకుండా పాయింట్ల మధ్య మెరుపులోనే పోతుంది. కిట్‌లో పాయింట్లకు బదులు ఉండే ట్రాన్సిస్టర్‌కు ఈ బాధ లేదు. క్యామ్ ఎంత నెమ్మదిగా తిరిగినా అది కరెంటును ఒక్క వేటుకు తెంచుతుంది. తెల్లవారుజామున స్టార్టింగ్, సిగ్నల్ దగ్గర ఐడిల్ నిలకడ మెరుగుపడ్డాయని పెట్టించుకున్నవాళ్లు చెప్పేది ఇందుకే. గ్యాప్ బాగా తగ్గిపోయిన పాయింట్లతో తిరుగుతూ వచ్చిన బండికి కిట్ పెట్టిస్తే పికప్పూ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది. అదే బండికి కొత్త పాయింట్లు, కొత్త కండెన్సర్ వేసి టైమింగ్ పట్టించినా అంతే పెరిగేది. కాకపోతే పాయింట్ల విషయంలో కొన్ని వేల కిలోమీటర్లకోసారి ఆ పని మళ్లీ చేయాలి, చేసే మనిషి దొరకాలి. పైగా ఇప్పుడు బజారులో దొరికే కండెన్సర్ల నాణ్యత, డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ స్పార్కు పంచే రోటర్ల నాణ్యత ఒకేలా లేదు. కొత్తది వేసిన వారానికే కండెన్సర్ పోయి బండి మిస్సింగ్ కొట్టడం అరుదేమీ కాదు. కిట్ పెడితే పాయింట్లతో పాటు కండెన్సర్ కూడా తప్పుకుంటుంది. నిజానికి ఇదే పెద్ద లాభమని చెప్పుకోవచ్చు.

కిట్లన్నీ ఒకటి కావు

ఎలక్ట్రానిక్ అనే ఒక్క మాట కింద అమ్ముడయ్యేవి నాలుగైదు రకాలున్నాయి. అన్నిటికంటే చవకైనది పాయింట్లను అలాగే ఉంచి, భారీ కరెంటు మోసే పని ట్రాన్సిస్టర్‌కు అప్పగించే పెట్టె. పాయింట్ల గుండా పోయే కరెంటు చాలా తగ్గిపోతుంది కాబట్టి ముఖాలు కాలవు. మడమ మాత్రం అరుగుతూనే ఉంటుంది, టైమింగ్ జరుగుతూనే ఉంటుంది. అంటే రెండు జబ్బుల్లో చిన్నదానికే మందు. అయినా దీనికో సుగుణముంది. పెట్టె చెడిపోతే రెండు వైర్లు మార్చి పాత పద్ధతిలోనే ఇంటికి రావచ్చు.

ఎక్కువమంది ఎంచుకోదగ్గది అయస్కాంతపు రింగు రకం. క్యామ్ మీద రింగు ఎక్కించి, పాయింట్లు ఉన్నచోట ఆ అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ మాడ్యూల్ బిగిస్తారు. పెర్‌ట్రానిక్స్ లాంటి కంపెనీలు దశాబ్దాలుగా అమ్ముతున్నవి ఇవే. డిస్ట్రిబ్యూటర్ మూత పెట్టేశాక బయటికి రెండు వైర్లు తప్ప ఏమీ కనిపించదు. లుమెనిషన్ వంటి పరారుణ కాంతి రకం కూడా బాగానే పనిచేస్తుంది గానీ వేరుగా ఒక పెట్టె బిగించాలి. డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్నీ మార్చేసేవీ ఉన్నాయి, నెదర్లాండ్స్‌లో తయారయ్యే 123 ఇగ్నిషన్ ఆ కోవలోది. అందులో అడ్వాన్స్, అంటే వేగం పెరిగేకొద్దీ స్పార్కును ముందుకు జరిపే ఏర్పాటు కూడా ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే మారుతుంది కాబట్టి అరిగిన పాత స్ప్రింగులు, బరువుల బెడద ఉండదు. దిగుమతి సుంకంతో కలిపి చూస్తే ఆ ధర మాత్రం అందరికీ అందేది కాదు.

సీడీఐ (కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్) కథ వేరు. అందులో కెపాసిటర్‌ను 300-400 వోల్టులకు నింపి ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతారు. వోల్టేజి మెరుపులా లేస్తుంది, అందుకే ఆయిలుతో తడిసిన టూ స్ట్రోక్ ప్లగ్గును కూడా అది మండించగలదు. అయితే ఆ స్పార్కు ఆయుష్షు చాలా తక్కువ. కాయిల్ పద్ధతిలో స్పార్కు ఒకటి రెండు మిల్లీసెకన్లు నిలిస్తే, సీడీఐలో దానిలో పదో వంతో, ఇంకాస్త ఎక్కువో. పెట్రోలు పలచగా, గాలి ఎక్కువగా ఉన్న మిశ్రమానికి నిలకడ ఉన్న స్పార్కే కావాలి. ఈ సంగతి ఇప్పుడు ముఖ్యమైంది. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక పాత కార్బురేటర్ సెట్టింగ్‌తో మిశ్రమం పలచబడుతుంది. నాలుగు సిలిండర్ల కార్బురేటర్ కారుకు సీడీఐ కంటే కాయిల్ ఆధారిత కిట్టే నప్పుతుందనడానికి ఇదొక కారణం. గ్యాస్ కిట్ మీద నడిచే పాత కార్ల సంగతి ఇంకాస్త గట్టిది. ఎల్పీజీ, సీఎన్‌జీ మిశ్రమాన్ని మండించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. పెట్రోలు మీద సాఫీగా పోయే బండి గ్యాస్‌కు మార్చగానే తడుముకుంటుంటే తప్పు గ్యాస్ కిట్‌ది కాకపోవచ్చు, అరిగిన పాయింట్లదీ పాత ప్లగ్గు వైర్లదీ కావచ్చు. అలాంటి బండికి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించమని సందేహం లేకుండా చెప్పవచ్చు.

పెట్టే ముందు

కిట్ కొనే ముందు రోటర్ తీసి, డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ కొనను రెండు వేళ్లతో పట్టుకుని పక్కకు ఊపి చూడాలి. చేతికి తెలిసేంత ప్లే ఉంటే షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్షులు అరిగినట్టే. షాఫ్ట్ ఊగుతుంటే నాలుగు సిలిండర్లకూ టైమింగ్ ఒకేలా పడదు. పాయింట్లతో పోలిస్తే అయస్కాంతపు రింగు ఈ ఊగుడును కొంత ఓర్చుకుంటుంది గానీ మాన్పదు. బుష్షు వేయించడం ఆటోనగర్‌లో లేత్ మీద తేలికగా అయ్యే పని. అడ్వాన్స్ బరువులు తుప్పుతో బిగిసిపోయాయా, వాక్యూమ్ గొట్టం నోటితో పీలిస్తే పాయింట్లు బిగించి ఉండే బేస్ ప్లేట్ కదులుతోందా అన్నవి కూడా అప్పుడే చూసుకోవాలి. రింగు రకం కిట్ ఈ రెండిటి జోలికీ పోదు. అవి చెడి ఉంటే కిట్ పెట్టాక కూడా చెడే ఉంటాయి. ‘ఎలక్ట్రానిక్ పెట్టినా లాగట్లేదు’ అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది బిగిసిపోయిన ఆ బరువులే.

తర్వాత కాయిల్. మల్టీమీటర్‌తో దాని రెండు చిన్న టెర్మినళ్ల మధ్య కొలిస్తే మామూలు 12 వోల్టుల కాయిల్ 3 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. కాయిల్‌కు పోయే కరెంటును తగ్గించే బలాస్ట్ రెసిస్టర్‌తో వాడే కాయిల్ అయితే ఒకటిన్నర ఓమ్. హై ఎనర్జీ కాయిల్ అని అమ్మేవి ఒక ఓమ్ కంటే తక్కువ కూడా ఉంటాయి. నాలుగు సిలిండర్ల బండ్లకు అమ్మే సాదా హాల్ మాడ్యూళ్లకు సాధారణంగా 3 ఓమ్‌లకు తగ్గని కాయిల్ కావాలి. మెరుపు ఎక్కువ వస్తుందని తక్కువ ఓమ్‌ల కాయిల్ తగిలిస్తే మాడ్యూల్ గుండా మోయలేనంత కరెంటు పోయి అది మాడిపోతుంది. కరెంటును తనంతట తానే అదుపు చేసుకునే మాడ్యూళ్లు వేరుగా ఉన్నాయి, తక్కువ ఓమ్‌ల కాయిల్ వాటికే. కిట్ కాగితంలో రాసిన ఓమ్‌లకూ మీటర్ చూపిన ఓమ్‌లకూ పొంతన కుదరకపోతే పని అక్కడే ఆపాలి. ఇంజిన్ సంగతి కూడా చూసుకోవాలి. 1489 సీసీ బీఎంసీ ఇంజిన్‌కూ, 1990ల్లో వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజిన్‌కూ డిస్ట్రిబ్యూటర్లు వేరు. ‘అంబాసిడర్ కిట్’ అని అడిగితే సరిపోదు, డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీదున్న నంబరు చూపించి అడగాలి. 1960ల నాటి బ్రిటిష్ డిజైన్ బండ్లలో కొన్నిటికి బ్యాటరీ పాజిటివ్ వైపే ఎర్త్. నెగెటివ్ ఎర్త్ కిట్‌ను దానికి తగిలిస్తే స్విచ్ వేసిన క్షణంలోనే మాడ్యూల్ పోతుంది.

బిగించే పని చూడటానికి చిన్నదే. పాయింట్లు, కండెన్సర్ విప్పేస్తారు. క్యామ్‌ను గుడ్డతో శుభ్రంగా తుడిచి రింగును అడుగుదాకా ఒత్తుతారు. రింగు పూర్తిగా దిగకపోతే రోటర్ కాస్త పైకి లేచి కూర్చుని, మూత లోపలి కార్బన్‌ను అతిగా నొక్కుతుంది. మూత పెట్టి చేత్తో ఇంజిన్ తిప్పితే పట్టేసినట్టు అనిపిస్తుంది. మాడ్యూల్ బిగించే చోట తుప్పు, పెయింటు లేకుండా గీకాలి. కొన్ని మాడ్యూళ్ల అడుగున వేడిని లాగే తెల్లటి పేస్టు పూయాలి. ఆ చిన్న ట్యూబు కిట్‌లోనే వస్తుంది, చాలామంది దాన్ని పక్కన పడేస్తారు. విజయవాడ ఎండలో, బానెట్ కింద, ఆ పేస్టు లేకుండా మాడ్యూల్ ఎక్కువ కాలం బతకదు. ఎర్ర వైరు కాయిల్‌కు ఇగ్నిషన్ స్విచ్ నుంచి కరెంటు వచ్చే వైపు, నల్ల వైరు కాయిల్‌కే డిస్ట్రిబ్యూటర్ వైపున్న టెర్మినల్‌కు. బలాస్ట్ ఉన్న బండిలో ఎర్ర వైరును బలాస్ట్‌కు ముందే కలపాలి, లేకపోతే దానికి పూర్తి 12 వోల్టులు అందవు. వాక్యూమ్‌తో బేస్ ప్లేట్ కదిలినప్పుడు వైర్లు లాగబడకుండా కాస్త వదులు ఉంచాలి, తిరిగే షాఫ్ట్‌కు తగిలేంత వదులు కూడదు. డిస్ట్రిబ్యూటర్ లోపల బేస్ ప్లేట్‌ను ఒంటికి కలిపే సన్నటి ఎర్త్ వైరు ఒకటుంటుంది. పాత బండ్లలో అది తెగి వేలాడుతూ ఉంటుంది. పాయింట్లు ఆ లోపాన్ని ఎలాగో నెట్టుకొస్తాయి, మాడ్యూల్ నెట్టుకురాదు. పది రూపాయల వైరు కోసం వేల రూపాయల కిట్‌ను తిట్టుకునే సందర్భం ఇదే.

పని అయ్యాక టైమింగ్ మళ్లీ పట్టాల్సిందే. పాయింట్లు తెరుచుకునే చోటూ, సెన్సర్ పసిగట్టే చోటూ ఒకటి కావు. ‘స్టార్ట్ అయింది కదా’ అని పంపించేసే మెకానిక్ సగం పనే చేశాడు. స్పార్కు పడినప్పుడల్లా వెలిగే టైమింగ్ లైట్‌ను ఒకటో సిలిండర్ ప్లగ్గు వైరుకు తగిలించి, పుల్లీ మీద గుర్తుకు సున్నం బొట్టు పెట్టి, ఐడిల్‌లో ఒకసారి, రేజ్ చేసి ఒకసారి చూడాలి. రేజ్ చేసినప్పుడు గుర్తు ముందుకు జరిగి, వదలగానే వెనక్కి వస్తే అడ్వాన్స్ బరువులు బతికున్నట్టు.

ప్లగ్గు వైర్ల విషయంలో ఒక చిన్న జాగ్రత్త ఉంది. రాగి తీగ వైర్లు పాయింట్లకు పనికొచ్చాయి గానీ, వాటి నుంచి వెలువడే రేడియో తరంగాలు హాల్ మాడ్యూల్‌ను తికమక పెట్టగలవు. కార్బన్ వైర్లు వేయాలి, లేదా 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉన్న ప్లగ్ క్యాపులు. ప్లగ్ గ్యాప్ పెంచితే స్పార్కు పెద్దదవుతుందన్న సలహా వినిపిస్తుంది. పాత డిస్ట్రిబ్యూటర్ మూతకు, పాత రోటర్‌కు ఆ అదనపు వోల్టేజిని ఆపే ఓపిక ఉండకపోవచ్చు. 0.6 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచి, మూత, రోటర్ కొత్తవి వేశాక కావాలంటే ఇంకొంచెం తెరవవచ్చు.

రెండు చక్రాల బండ్లు

బుల్లెట్‌కు పాయింట్లు ఇంజిన్ పక్కన గుండ్రటి మూత కింద ఉంటాయి, అడుగున అడ్వాన్స్ బరువులుంటాయి. కిట్ పెట్టడం తేలికే గానీ బ్యాటరీ బలంగా ఉండాలి. వోల్టేజి పడిపోతే కొన్ని కిట్లలో టైమింగ్ చెదిరి కిక్కు వెనక్కి కొడుతుంది. బుల్లెట్ కిక్కు వెనక్కి కొడితే మడమ ఏమవుతుందో నడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు. చెడిన బ్యాటరీతో తిరిగే అలవాటున్నవాళ్లు ముందు బ్యాటరీ మార్చి, తర్వాత కిట్ గురించి ఆలోచించాలి.

మైసూరు ఐడియల్ జావా తయారుచేసిన పాత జావా, యెజ్దీలలో కథ ఇంకోలా ఉంటుంది. 6 వోల్టుల డైనమో బండ్లలో పాయింట్లు ఒక్కటే మార్చి లాభం తక్కువ. చెక్ కంపెనీ వేప్ తయారీ విడిభాగాలతో డైనమో స్థానంలో 12 వోల్టుల జనరేటర్, ఇగ్నిషన్ కలిపి వచ్చే సెట్లున్నాయి. ఖర్చు ఎక్కువే అయినా హెడ్‌లైట్ కూడా బాగుపడుతుంది. రాత్రిపూట గుంటూరు నుంచి మంగళగిరి మీదుగా హైవే పట్టే మనిషికి అది చిన్న విషయం కాదు.

బజాజ్ చేతక్‌కు పాయింట్లు మ్యాగ్నెటో ఫ్లైవీల్ కింద ఉంటాయి. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ మోడల్ నుంచి ఫ్లైవీల్, స్టేటర్ ప్లేటు, సీడీఐ యూనిట్ మూడూ కలిపి తీసుకొస్తే మార్చవచ్చు. ఒక్క యూనిట్ కొని లాభం లేదు. పాత సామాన్ల షాపులో సెట్ దొరికితే క్రాంక్ కొన టేపర్ కలుస్తుందో లేదో అక్కడే పెట్టి చూసుకుని మరీ డబ్బులివ్వాలి. చేతక్ లాంటి టూ స్ట్రోక్‌కు సీడీఐ నిజంగా మేలు చేస్తుంది. పొద్దున్నే స్కూటర్‌ను పక్కకు వంచి, ప్లగ్ విప్పి తుడిచే పని చాలావరకు తప్పుతుంది.

ఎండ, వరద, చచ్చిన బ్యాటరీ

పాయింట్లు చెప్పి చెడతాయి. ముందు మిస్సింగ్ వస్తుంది, తర్వాత స్టార్టింగ్ ట్రబుల్, ఆ తర్వాతే ఆగిపోవడం. మాడ్యూల్ చెప్పకుండా చస్తుంది. ఎక్కువసార్లు వేడికే. వేడెక్కినప్పుడు ఆగి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండిని చూసి పెట్రోలు ఆవిరైపోతోందని కార్బురేటర్ మీద తడిగుడ్డ వేస్తుంటారు. ఆగిన వెంటనే ప్లగ్ విప్పి, దాని ఒంటిని ఇంజిన్‌కు ఆనించి, సెల్ఫ్ కొట్టించి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. స్పార్కు లేకపోతే తప్పు మాడ్యూల్‌ది లేదా కాయిల్‌ది. వేరుగా బిగించే పెట్టె ఉన్న కిట్ అయితే దాన్ని ఎగ్జాస్ట్‌కు దూరంగా, గాలి తగిలే చోట పెట్టాలి. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ స్విచ్ ఆన్‌లో వదిలేసి రేడియో వినే అలవాటు ఉంటే మానుకోవాలి. సాదా మాడ్యూళ్లు కొన్ని ఆ పరిస్థితిలో కరెంటు పట్టుకుని ఉండిపోయి కాలిపోతాయి.

బ్యాటరీ దిగిపోతే పాయింట్ల బండిని నలుగురు తోస్తే స్టార్ట్ అయ్యే అవకాశముంది. మాడ్యూళ్లలో చాలావాటికి కనీసం 8, 9 వోల్టులైనా అందకపోతే అవి పనే చేయవు.

నీటి విషయంలో రెండు వైపులా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు వేల బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలా మునిగిన పాత బండిలో పాయింట్లను విప్పి, ఆరబెట్టి, గీకి మళ్లీ వాడుకోవచ్చు, లేదా చవకలో కొత్తవి వేయవచ్చు. రెసిన్‌లో పోతపోసిన మాడ్యూల్ లోపలికి నీరు అంత సులువుగా దూరదు, దాని కనెక్టర్లలోకి దూరుతుంది. బురద నీటిలో నానిన కనెక్టర్‌ను శుభ్రం చేయకుండా స్విచ్ వేయకూడదు. మామూలు వానాకాలపు చెమ్మకు మాత్రం ఎలక్ట్రానిక్ రకమే బాగా తట్టుకుంటుంది. పాయింట్ల ముఖాల మీద పట్టే తేమ పొర దానికి లేదు.

కాగితాల సంగతి

పొల్యూషన్ పరీక్షలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ నికరంగా సాయపడేది హైడ్రోకార్బన్ల లెక్క దగ్గర. మండకుండా బయటికి పోయిన పెట్రోలే ఆ లెక్క. 2000 మార్చి 31 లోపు తయారైన నాలుగు చక్రాల పెట్రోలు బండ్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం (పది లక్షల్లో అన్ని భాగాలు) దాటకూడదు. అప్పటి రెండు మూడు చక్రాల బండ్లకు 4.5 శాతం, 9,000 పీపీఎం. మిస్సింగ్ కొట్టే సిలిండర్ ఒక్కటున్నా హైడ్రోకార్బన్లు ఎగబాకుతాయి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉంటే మాత్రం చూడాల్సింది కార్బురేటర్ వైపు.

ఇగ్నిషన్ కిట్ మార్చినందువల్ల ఆర్‌సీలో ఉండే ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సీసీ ఏవీ మారవు. యాభై ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించే ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం ఇంకొంచెం ముందుచూపుతో ఉండాలి. ఆ నిబంధనలు బండి అసలు రూపంలోనే ఉండాలంటాయి. మూత కింద దాగిపోయే రింగు రకం కిట్ ఎంచుకుని, తీసిన పాయింట్లు, కండెన్సర్, పాత డిస్ట్రిబ్యూటర్ భాగాలన్నీ గ్రీజు రాసి దాచుకుంటే ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు.

వింటేజ్ ఆలోచన లేనివాళ్లకు కూడా ఆ భాగాలు పనికొస్తాయి. గ్యాప్ ముందే సెట్ చేసిన పాయింట్లు బిగించిన బేస్ ప్లేటు, ఒక మంచి కండెన్సర్, చిన్న స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్ ఒక డబ్బాలో వేసి డిక్కీలో ఉంచాలి. ఏలూరు దాటాక ఏ టోల్‌గేట్ దగ్గరో మాడ్యూల్ చెప్పకుండా ఆగిపోతే, రింగు తీసి, ఆ ప్లేటు బిగించి, కాయిల్ వైరు మార్చుకుని ఇంటికి రావచ్చు. ఇల్లు చేరాక టైమింగ్ లైట్ పెట్టి సరిచూసుకోవాలి.